థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్‌కు మొదటి సీన్ ఎలా తీయాలి: ఏడు షాట్లు, గుమ్మం ముందు ఒక జత చెప్పులు

"థ్రిల్లర్ తీస్తున్నాం. మొదటి రెండు నిమిషాల్లో సస్పెన్స్ రావడం లేదు. ఏ షాట్లు పెట్టాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామంది ఆ వెంటనే తమ దగ్గరున్న కెమెరా పేరు చెబుతారు. గింబల్ (చేతి కుదుపు కెమెరాకు తగలనివ్వని పిడి) కొనాలా, డ్రోన్ అద్దెకు తేవాలా అని అడుగుతారు. వాళ్లు పంపిన వీడియోలు చూస్తే లోపం పరికరాల్లో కనిపించదు. ఫ్రేములు అందంగానే ఉంటాయి. చీకటి ఉంటుంది, వంకర కోణాలు ఉంటాయి, గుండెలదిరే సంగీతమూ ఉంటుంది. కానీ ఎవరికి ఏ ఆపద పొంచి ఉందో చూసేవాళ్లకు ఒక్క షాట్ కూడా చెప్పదు. ఆపద తెలియనిదే ఆత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే ఈసారి ఒక చిన్న సీన్‌ను మొదటి నుంచి చివరి దాకా మీ చేత తీయించాలని ఇది రాస్తున్నాను. ఫోను కెమెరా చాలు.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంతే

సస్పెన్స్ సినిమాలకు పేరుపడ్డ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో మాట్లాడుతూ బల్ల కింద బాంబు ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది పదిహేను సెకన్ల ఉలికిపాటు. బల్ల కింద బాంబు ఉందని ముందే చూపిస్తే అవే కబుర్లు పదిహేను నిమిషాల పాటు ఊపిరి బిగపట్టిస్తాయి.

ఆ మాటకు కెమెరాతో రాసిన ఉదాహరణ కావాలంటే ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' మొదటి షాట్ చూడండి. 1958 నాటి సినిమా. రెండు చేతులు ఒక బాంబుకు టైమరు తిప్పుతాయి. ఒకడు దాన్ని కారు డిక్కీలో పెట్టి పారిపోతాడు. ఏమీ ఎరగని జంట వచ్చి కారెక్కుతుంది. టైమరు తిప్పినప్పటి నుంచి మూడు నిమిషాలకు పైగా ఒక్క కట్ కూడా లేదు. క్రేన్ మీది కెమెరా పైకి లేస్తుంది, వెనక్కి జరుగుతుంది, సరిహద్దు ఊరి వీధుల వెంట సాగుతుంది. కారు కాసేపు కనిపిస్తుంది, కాసేపు కనిపించదు. కొత్తగా పెళ్లయిన మరో జంట నడుస్తూ దాని పక్కకే వస్తుంది. తనిఖీ చౌకీ దగ్గర కారు ఆగుతుంది. తలలో టిక్ టిక్ మంటోందని కారులో కూర్చున్న ఆమె అంటుంది. ఎవరూ పట్టించుకోరు.

దీన్ని చూసి చాలామంది నేర్చుకునేది 'కట్ లేని పొడుగు షాట్ తీయాలి' అని. నాకు దానికన్నా విలువైనది మొదటి పది సెకన్లనిపిస్తుంది. ఆ చేతులూ ఆ టైమరూ లేకపోతే తర్వాతి క్రేన్ కదలిక అంతా ఊరు చూపించే తిరుగుడే అయ్యేది. ముందు ఒక సంగతి మన చెవిన వేసి, ఆ తర్వాతే కెమెరా నడక మొదలుపెట్టింది.

మనం తీయబోయే సీన్

వాన వెలిసిన రాత్రి. ఒంటరిగా ఉండే ఒక అమ్మాయి పని ముగించుకుని ఇంటికొస్తుంది. ఫోనులో అమ్మతో మాట్లాడుతూనే చెప్పులు విడిచి లోపలికి వెళుతుంది. ఆమె చెప్పుల పక్కన, కుండీ నీడలో, తడిసిన మగవాళ్ల చెప్పులు ఒక జత ఉన్నాయి. ఆమె చూడలేదు. మనం చూశాం.

మన ఇళ్లలో గుమ్మం ముందు చెప్పులంటే లోపల మనిషి ఉన్నట్టే. ఆ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే ఈ వస్తువును ఎంచుకున్నాను. మీ కథకు మీరు వేరే వస్తువు వెతుక్కోవచ్చు, కానీ అదీ ఇలాగే మాట అవసరం లేకుండా అర్థమయ్యేదై ఉండాలి.

కావలసినవి

- ఫోకస్, వెలుతురు, రంగు మారకుండా బిగించి ఉంచగల కెమెరా యాప్ ఉన్న ఫోను
- ట్రైపాడ్. లేకపోతే ఎత్తు స్టూలు, నాలుగు ఇటుకలు
- ఒక పీట, ఒక పాత తువ్వాలు (కెమెరాను జరిపే బండి, అంటే ట్రాలీ పని వీటితోనే)
- రెండు ఎల్‌ఈడీ బల్బులు, ఒక టేబుల్ ల్యాంపు, నల్ల దుప్పటి
- మాటలూ శబ్దాలూ రికార్డు చేయడానికి రెండో ఫోను
- నటి ఒకరు, సాయానికి ఇద్దరు
- మగవాళ్ల చెప్పులు రెండు జతలు. ఒకదానికొకటి పోలిక లేనివి. రెండో జత ఎందుకో ఏడో షాట్‌లో తెలుస్తుంది
- తెల్ల కాగితాలు, పెన్సిలు

1. ముందు కాగితం మీద మూడు గడులు గీయండి

ఒక్కో షాట్‌కు ఒక్కో వరుస. మొదటి గడిలో 'చూసేవాళ్లకు తెలిసింది', రెండో దాంట్లో 'అమ్మాయికి తెలిసింది', మూడో దాంట్లో 'ఇద్దరికీ తెలియనిది' అని రాయండి. ఒక షాట్ తర్వాత ఈ మూడు గడుల్లో ఏదీ మారకపోతే ఆ షాట్ ఎంత అందమైనదైనా తీసేయండి.

కెమెరా పట్టుకున్నాక ఎవరికీ దీనికి ఓపిక ఉండదు. అరగంట పడుతుంది, ముందే కూర్చోండి.

2. చోటు చూసుకుని కెమెరా నిలిచే వైపు ఖాయం చేయండి

ఇంటి నక్షా గీయండి. వీధి, వరండా, హాలు, వంటగది, పడకగది తలుపు. పడకగది గుమ్మంలో నిలబడితే వంటగది కనిపించాలి. ఈ ఒక్కటి కుదిరే ఇల్లు దొరికితే చాలు. దొరకకపోతే పడకగది బదులు కారిడార్ చివరను వాడుకోండి.

వంటగదిలో నిలబడిన అమ్మాయికీ చీకటి గుమ్మానికీ మధ్య ఒక గీత ఊహించుకోండి. ఆ రెండింటి మధ్య చూపులు కలిపే షాట్లకు కెమెరా ఎప్పుడూ గీతకు ఒకే పక్కన ఉండాలి. దాటితే ఆమె కుడికి చూస్తున్నదో ఎడమకు చూస్తున్నదో ప్రేక్షకుడికి తికమకవుతుంది. దారి తప్పినవాడికి భయం వేయదు, విసుగు వస్తుంది.

హెచ్చరిక: రాత్రిపూట చిత్రీకరణ అని ఇరుగుపొరుగుకూ వాచ్‌మన్‌కూ ముందుగా చెప్పండి. చీకట్లో కిటికీల దగ్గర తచ్చాడే మనుషులను చూసి ఎవరైనా పోలీసులకు ఫోను చేస్తే తప్పు వాళ్లది కాదు. వరండా తడపడానికి నీళ్లు చల్లే ముందు వైర్లూ ఎక్స్‌టెన్షన్ బాక్సులూ దూరంగా తీయండి. నటి పని అయ్యాక ఆమెను ఇంటి దాకా దింపి రావడం కూడా చిత్రీకరణలో భాగమే.

3. ఫోను సెట్టింగులు

సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ జోడీ పెడితే బల్బుల మినుకు చాలావరకు రాదు. మీ ఫోనులో 24 లేదా 30 ఫ్రేములే ఉంటే అవే పెట్టుకుని షట్టరును 1/50 దగ్గరో 1/100 దగ్గరో ఉంచండి. అయినా గోడ మీద చారలు కదులుతుంటే బల్బు మార్చండి. చవక ఎల్‌ఈడీలు కొన్నింటికి ఏ సెట్టింగూ పనిచేయదు.

ఫోకస్, వెలుతురు, రంగు మూడింటినీ లాక్ చేయండి. మనిషి కదిలినప్పుడల్లా తెర దానంతటదే వెలిగి ఆరుతుంటే కష్టపడి తెచ్చుకున్న బిగువంతా సడలిపోతుంది. ఫోనులోని ప్రధాన లెన్సే వాడండి. అల్ట్రా వైడ్ లెన్సు ముఖాన్ని సాగదీస్తుంది, చీకట్లో మసకబారుతుంది. వేళ్లతో జూమ్ చేయవద్దు. దగ్గరగా కావాలంటే ఫోనునే దగ్గరికి తీసుకెళ్లండి.

4. వెలుతురు: చీకటి కనిపించాలంటే దీపం కావాలి

అన్ని దీపాలూ ఆర్పేసి తీస్తే వచ్చేది చీకటి కాదు, గింజలు గింజలుగా ఉన్న బూడిద రంగు. వంటగదిలో ఒక బల్బు, వరండాలో ఒక బల్బు వెలగనివ్వండి. పడకగది గుమ్మం వెనుక నల్ల దుప్పటి కట్టండి. వెలుగు పక్కనే ఉంటేనే నలుపు నలుపుగా కనిపిస్తుంది. కుండీ దగ్గర చెప్పుల మీదికి టేబుల్ ల్యాంపును పక్క నుంచి, నేలకు దగ్గరగా పెట్టండి. తడి తోలు మీద సన్నని మెరుపు గీత పడుతుంది. ఆ మెరుపే చెప్పులను పట్టిస్తుంది.

నీలం కాగితం చుట్టిన లైట్లు వద్దు. అవి చూడగానే 'ఇది భయపెట్టే సీన్' అని తెలిసిపోతుంది. మామూలు ఇల్లు మామూలుగా కనిపిస్తేనే అందులోకి వచ్చిన అపరిచితుడు మనల్ని కలవరపెడతాడు.

5. షాట్లు తీయడం

అసలు పని ఇదే. తొందరపడవద్దు. ప్రతి షాట్‌కూ కనీసం నాలుగు టేకులు తీయండి. యాక్షన్‌కు ముందూ కట్ తర్వాతా ఐదేసి సెకన్లు కెమెరా తిరగనివ్వండి.

*మొదటి షాట్ (10 సెకన్లు).* ఎదురింటి మేడ మీద నుంచి వీధి, ఇల్లు, నడిచొస్తున్న అమ్మాయి. కెమెరా కదలదు. ఆమె ఫ్రేమ్‌లో చిన్నగా ఉండాలి. కదలని కెమెరాను ప్రేక్షకుడు కాసేపయ్యాక ఎవరో చూస్తున్న చూపుగా అనుమానించడం మొదలుపెడతాడు. మేడ దొరకకపోతే వీధి చివర నుంచి, ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి తీయండి.

*రెండో షాట్ (18 సెకన్లు).* సీనంతా దీని మీదే నిలబడుతుంది. ఫోనును తలకిందులుగా తిప్పి పీట మీద ఆనించండి, లెన్సు నేలకు దగ్గరవుతుంది. పీట కింద తువ్వాలు పరచండి. ఆమె పాదాలు ఫ్రేమ్‌లోకి వస్తాయి, చెప్పులు విడుస్తాయి, లోపలికి వెళతాయి. గడియ పడిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె వెళ్లిపోయాక కూడా కెమెరా అక్కడే ఉండాలి. నాలుగు సెకన్లు లెక్కపెట్టండి. అప్పుడు తువ్వాలు చివర పట్టుకుని పీటను ఒక అడుగు మేర పక్కకు, నత్తనడకన లాగండి. కుండీ పక్కన మగవాళ్ల చెప్పులు. ఆగండి. మళ్లీ నాలుగు సెకన్లు.

మనిషి వెళ్లిపోయినా కెమెరా ఆగిందంటే అది ఆమెను వదిలి మనతో మాట్లాడుతోందన్నమాట. ఈ నాలుగు సెకన్లు తగ్గించాలని ఎడిటింగ్‌లో చేయి దురద పెడుతుంది. తగ్గించవద్దు. పీట కుదుపులు వస్తుంటే కదలిక మానేసి రెండు ముక్కలుగా తీయండి: ఖాళీ అయిన గుమ్మం, తర్వాత చెప్పుల క్లోజప్. కొంచెం తగ్గుతుంది కానీ పనవుతుంది. ఈ ఫ్రేమ్ ఆగిన చోటు నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మళ్లీ ఇక్కడికే రావాలి.

*మూడో షాట్ (15 సెకన్లు).* హాలులో నడుము పై నుంచి అమ్మాయి. బ్యాగు తగిలిస్తుంది, తల తుడుచుకుంటుంది. ఆమెను ఫ్రేమ్ మధ్యలో కాకుండా ఒక పక్కకు జరపండి. మిగిలిన సగం చీకటి గుమ్మానికి ఇవ్వండి. అందులో ఎవరినీ నిలబెట్టవద్దు. చెప్పులు చూసిన కళ్లు ఆ ఖాళీలో మనిషిని వాటంతటవే వెతుకుతాయి.

*నాలుగో షాట్ (8 సెకన్లు).* ఆమె ముఖం, దగ్గరగా. "వచ్చేశానమ్మా. తలుపు వేసుకున్నాను. ఇంకేం భయం లేదు." నటి భయం నటించకూడదు. హాయిగా, కాస్త అలసటతో అనాలి. ఆమె ఎంత నిశ్చింతగా ఉంటే చూసేవాళ్లకు అంత కంగారు. దర్శకులు నటులను ఎక్కువగా పాడు చేసేది ఇక్కడే, మొదటి నిమిషం నుంచే వాళ్ల చేత కళ్లు పెద్దవి చేయించి.

*ఐదో షాట్ (20 సెకన్లు).* పడకగది చీకట్లోంచి, గుమ్మం చట్రం గుండా, వంటగదిలో నీళ్లు తాగుతున్న అమ్మాయి. తలుపు అంచు ఫ్రేమ్‌లో మూడో వంతు కప్పేయాలి. ఇది ఎవరి చూపో చెప్పవద్దు. 1975లో వచ్చిన సొరచేప సినిమా 'జాస్' మొదటి సీన్‌లో ఈదుతున్న అమ్మాయిని నీటి అడుగు నుంచి చూపిస్తారు, ఆమె కాళ్లను పట్టి లాగేదేమిటో మాత్రం చూపించరు. మన షాట్‌కూ అదే నియమం. చేయి వద్దు, నీడ వద్దు, ఊపిరి శబ్దం వద్దు.

కెమెరాను చేత్తో పట్టుకోవాలా, ట్రైపాడ్ మీద పెట్టాలా? రెండూ తీసి పోల్చండి. చేత్తో పట్టుకుంటే 'ఇక్కడ మనిషి ఉన్నాడు' అని ఖాయంగా చెప్పినట్టు. ట్రైపాడ్ మీదైతే 'ఉన్నాడేమో' అని. ఓపెనింగ్‌కు నా ఓటు రెండో దానికే. పదిహేనో సెకను దగ్గర ఏదో చిన్న చప్పుడుకు ఆమె తలతిప్పి నేరుగా కెమెరా వైపు చూస్తుంది.

*ఆరో షాట్ (7 సెకన్లు).* ఆమె చూస్తున్నది: చీకటి గుమ్మం. ఏమీ లేదు. కెమెరా ఆమె కళ్ల ఎత్తులో, ఆమె నిలబడిన చోటే ఉండాలి. ఆమె గొంతు మాత్రం వినిపిస్తుంది: "ఏం లేదమ్మా, పిల్లి అనుకుంటా."

*ఏడో షాట్ (12 సెకన్లు).* మళ్లీ వరండా, సుద్ద గుర్తు దగ్గర, రెండో షాట్ చివరి ఫ్రేమే. ఆమె చెప్పులు, కుండీ పక్కన మగవాళ్ల చెప్పులు. వాటి పక్కన ఇప్పుడు ఇంకో జత. వెనుక, ఆమె గడియ వేసిన తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

టైటిల్.

6. శబ్దం

అమ్మ గొంతును విడిగా, రెండో ఫోను మీద రికార్డు చేయండి. గడియ చప్పుడు తప్పనిసరి. రెండో షాట్‌లో ఆ చప్పుడు స్పష్టంగా వినబడకపోతే ఏడో షాట్‌లో తెరిచిన తలుపుకు అర్థం ఉండదు. చూరు నుంచి పడే చినుకులను ఒక నిమిషం తీసుకోండి. ఎవరూ కదలకుండా, ఫ్యాను ఆపి, ఖాళీ ఇంటి నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలను నింపేది అదే.

రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం) సంగతి: చివరి షాట్ దాకా సంగీతం వద్దంటాను. మీకు తప్పదనిపిస్తే మూడో షాట్ నుంచి ఒకే ఒక్క పొడుగు స్వరం, చాలా లోపలగా.

7. ఎడిటింగ్

షాట్లను వరుసలో పేర్చి మొదటిసారి శబ్దం లేకుండా చూడండి. కట్ ఎక్కడ వేయాలో తేలకపోతే మూడు గడుల కాగితం తీయండి. కొత్త సంగతి కంటికి అందిన క్షణం కన్నా కాస్త ఆలస్యంగా కట్ వేయండి. చూసినదాన్ని అర్థం చేసుకోవడానికి ఆ కాస్త వ్యవధి కావాలి. ఐదో షాట్ నుంచి ఆరుకు మాత్రం వెంటనే, ఆమె చూపు కెమెరాను తాకీ తాకగానే కట్ చేయండి.

తరచుగా జరిగే తప్పులు

గుర్తులు ఎక్కువైపోవడం. చెప్పులకు తోడు గోడ మీద నీడ, ఊగుతున్న కర్టెను, తడి అడుగుజాడలు, పగిలిన గ్లాసు. ఒక్క గుర్తు ఉంటే చూసేవాళ్లు దాన్నే పట్టుకుని కూర్చుంటారు. నాలుగు ఉంటే దేన్నీ పట్టుకోరు.

కెమెరా ఎప్పుడూ కదులుతూ ఉండటం. 1989లో 'శివ' వచ్చినప్పుడు స్టెడీక్యామ్‌తో (మోసేవాడు పరుగెత్తినా కెమెరా కుదపని ఒంటికి కట్టుకునే పరికరం) మనుషుల వెంట పరుగెత్తిన షాట్లు తెలుగు ప్రేక్షకులను కుర్చీ అంచుకు తెచ్చాయి. కానీ అక్కడ పరుగెత్తే మనిషి ఉన్నాడు, తరిమేవాళ్లున్నారు. గింబల్ ఉంది కదా అని ఖాళీ హాలు చుట్టూ తిప్పితే ఆ బలం రాదు. మన ఏడు షాట్లలో కెమెరా కదిలేది ఒక్కసారే, ఒక్క అడుగే.

వంకర ఫ్రేములు. ఇవి ఒక్కసారి, పాత్ర లోకం తలకిందులైన క్షణంలో పనికొస్తాయి. మొదటి షాటే వంకరగా ఉంటే తర్వాత ఒరగడానికి ఏం మిగులుతుంది?

పిల్లి దూకడం, స్నేహితుడు వెనుక నుంచి భుజం మీద చేయి వేయడం. ఉలికిపాటు కోసం ప్రేక్షకుణ్ని మోసం చేస్తే తర్వాత మీరు నిజం చూపించినా నమ్మడు. మన అమ్మాయి 'పిల్లి' అని మాటే అంటుంది, పిల్లిని చూపించం. చివరికి అంతా కల అని తేల్చడం కూడా ఇదే కోవ.

ఫలితం సరిచూసుకోవడం

మొదట ఫోను వెలుతురు సగానికి తగ్గించి, చేయి చాచిన దూరంలో పెట్టి చూడండి. ఎక్కువమంది చూసేది అలాగే. చెప్పులు కనబడకపోతే టేబుల్ ల్యాంపు దగ్గరికి జరిపి రెండో షాట్ మళ్లీ తీయాలి. ఎడిటింగ్‌లో వెలుతురు పెంచి సరిపెట్టవద్దు, గింజలు లేస్తాయి.

తర్వాత కథ తెలియని ముగ్గురికి, ఒక్కొక్కరికి విడిగా చూపించండి. 'బాగుందా?' అని అడగవద్దు, మీ మీద ప్రేమతో బాగుందనే అంటారు. మూడో షాట్ చివర ఆపి, "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు?" అని మాత్రమే అడగండి. 'లోపల ఎవరో ఉన్నారు' అంటే రెండో షాట్ పండింది. 'ఆమె వంట చేసుకుంటుంది' అంటే చెప్పులు అందలేదు. చూస్తున్నప్పుడు వాళ్ల ముఖాలను గమనించండి. ఐదో షాట్‌లో ఎవరైనా చేతిలో టీ గ్లాసు మరిచిపోతే మీకు ఇంకే పరీక్షా అక్కర్లేదు.

ఈ పరీక్ష వల్లే ఏడో షాట్ మారింది. నేను మొదట రాసుకున్నదాంట్లో చివర ఆ మగవాళ్ల చెప్పులు మాయమయ్యేవి. చాలా గూఢంగా ఉందనుకున్నాను. చూపించిన ముగ్గురిలో ఇద్దరు ఊపిరి వదిలి "హమ్మయ్య, వెళ్లిపోయాడు" అన్నారు. ఆపద పెరగాల్సిన చోట తగ్గింది. అలా మాయమైన జత స్థానంలో రెండో జత వచ్చింది. మళ్లీ చూపిస్తే ఒకావిడ ఏమీ అనలేదు, లేచి వెళ్లి వాళ్లింటి తలుపు గడియ చూసుకుని వచ్చింది.